ఖర్చులన్నీ మావే

మా అత్తగారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆవిడ తన కొడుక్కి బేరమాడటం నేర్పారు గాని, ఎక్కడ ఆపాలో నేర్పలేదు. మిగతా విషయాల్లో ఆవిడ దేవతే. అడిగినప్పుడు పలకరు, వరాలివ్వరు, వేళకి నైవేద్యం మాత్రం జరిగిపోవాలి.

బుధవారం పొద్దున్న ఆ బేరం చదువు తాలూకు ఫలితం మా హాల్లో, కట్టేసిన అట్టపెట్టెల నడుమ, స్పీకరు పెట్టిన ఫోనులోంచి వినబడుతోంది.

"ఇంకోసారి చెప్పండి," అన్నారు మా ఆయన.

ఆయన చెవులు బాగానే పనిచేస్తాయి. నచ్చని మాట రెండోసారి చెప్పిస్తే కాస్త తగ్గుతుందని ఆయన నమ్మకం.

లాయరమ్మ ఇంకోసారి చెప్పింది. ఏమీ తగ్గలేదు.

ఇంటి ధర వేరు. అది కాక, ఇల్లు చేతులు మారుతున్నందుకు సర్కారుకి పన్ను. రిజిస్ట్రేషను రుసుము. లాయరమ్మ ఫీజు. పత్రం మొదటినుంచి చివరిదాకా పైకి చదివి ముద్ర వేసే నోటరీ గారి ఫీజు. కొనే మనిషికి ఇక్కడి భాష రాదు కాబట్టి, పక్కన కూర్చుని వాక్యం వాక్యం విడమరిచి చెప్పే సర్కారు దుబాసీ ఫీజు. వీటన్నిటి నెత్తినా, కొనేవాడు పరాయి దేశస్థుడు కాబట్టి పరదేశి పన్ను.

"అన్నీ కలిపి ధరలో ఆరో వంతు దాకా తేలుతుంది. అందులో ముప్పాతిక భాగం పరదేశి పన్నే," అంది ఆవిడ ఇంగ్లీషులో, తాపీగా. "శుక్రవారం సంతకాలు. డబ్బు రేపు సాయంత్రానికి నా దగ్గర ఉండాలి."

"మేం ధర తగ్గించుకున్నాం కదండీ! దాన్నిబట్టి పన్ను కూడా తగ్గాలిగా?"

"సర్కారు తన విలువ తను కట్టుకుంటుంది. మీ ధర, వాళ్ళ విలువ, రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద పన్ను."

మా ఆయన ముఖం చూస్తే జాలేసింది. రెండు నెలల పాటు, వారం వారం వెళ్ళి, గోటితో గోకినట్టు గోకి తగ్గించిన ధర అది. ఆ తగ్గింపు పన్ను దగ్గర చెల్లదంటే, పండగ రోజు పుట్టిన పిల్లాడికి విడిగా పుట్టినరోజు లేదన్నట్టుంది.

అయినా ఆయన ఓడిపోయే రకం కాదు. ఫోను మీదికి వంగి, గొంతు తగ్గించారు. అది ఆయన బేరం గొంతు.

"పోనీ మీరొక మాట అడిగి చూడండి. మొత్తం ఒకేసారి కడతాం. వాయిదాలు గీయిదాలు లేవు. ఏమన్నా చూస్తారేమో..."

"ఎవర్ని అడగమంటారు?"

"సర్కారు వాళ్ళని."

ఫోనులో చాలాసేపు ఏమీ వినబడలేదు. లైను కట్టయిందేమోనని అత్తయ్య వంగి చూశారు. కట్టవలేదు. లాయరమ్మ నవ్వు ఆపుకుంటోందని నాకర్థమైంది. ఆపుకోగలిగినందుకు ఆవిడ మీద గౌరవం పెరిగింది.

సరిగ్గా అప్పుడే రంగులు వేసే మనిషి కొలత టేపుతో మా మధ్యలోంచి నడిచి వెళ్ళి, కిటికీ కింద గోడ కొలిచాడు. మేమున్న ఈ అద్దె ఇంట్లోకి నెలాఖరుకి కొత్తవాళ్ళు దిగుతున్నారు. ఖాళీ చేస్తామని మేమే రాసిచ్చాం. శుక్రవారం సంతకాలు పడకపోతే, మాకు ఇల్లు అమ్ముతున్న వాచీల పెద్దాయనకి మేమిచ్చిన బయానా పోతుంది, ఆయన ఇల్లూ పోతుంది, ఈ ఇల్లు ఎలాగూ పోయింది. మూడూ ఒకే వారంలో పోగొట్టుకోవడానికి కూడా కొంత నేర్పు కావాలి.

"అసలీ ఖర్చులన్నీ మనమే ఎందుకు కట్టాలి?" అన్నారు అత్తయ్య. "అమ్మేవాడు కట్టడా?"

మా ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. బయట చూడటానికి ఎదురింటి పైపు తప్ప ఏమీ లేదు.

ఎందుకు కట్టాలో నాకు బాగా గుర్తుంది. పెద్దాయన మొదట ఒక ధర చెప్పి, ఖర్చులు చెరి సగం అన్నారు. ఎన్ని వారాలు గోకినా ఆ ధర దిగలేదు. చివరికి మా ఆయన బల్ల మీద చెయ్యి వేసి, "మీరు ధర తగ్గించండి, ఖర్చులన్నీ మావే," అన్నారు. ఖర్చులంటే ఆయన దృష్టిలో గుమస్తాకి కాఫీ, ఫోటోలు, నాలుగు జిరాక్సులు. పెద్దాయన తల పైకెత్తి, కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, సరే అన్నారు. ఆ కళ్ళద్దాలు తుడుచుకోవడం చూసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఆ సాయంత్రం మా ఆయన ఈ హాల్లోనే అటూ ఇటూ తిరిగారు. "చూశావా! మనిషి ఒక్క మాటకి పడిపోయాడు," అని.

పడింది ఎవరో ఇప్పుడు తెలిసింది.

"మేడమ్," అన్నాను నేను ఫోనులో. ఇక్కడి భాషలో అన్నాను. లాయరమ్మతో నేను ఆ భాషలో మాట్లాడటం అదే మొదలు. ఇన్నాళ్ళూ ఆవిడ వ్యవహారమంతా మా ఆయన ఇంగ్లీషులో నడిపించారు. "బయటి దేశం నుంచి వచ్చిన ప్రతివాళ్ళూ ఈ పరదేశి పన్ను కట్టాల్సిందేనా?"

"అందరూ కాదు. శాశ్వత నివాసం కార్డు ఉన్నవాళ్ళకి లేదు."

"నాకుందండీ ఆ కార్డు."

"తెలుసు. అందుకే మొదటి రోజే మీ వారితో అన్నాను, ఇల్లు మీ పేరున కొంటే ఆ పన్నే ఉండదని. ఇద్దరి పేర్లూ పెడితే ఆయన సగానికి పడుతుంది, మీ ఒక్కరి పేరే అయితే అసలు పడదని. మీకు భాష వచ్చు కాబట్టి దుబాసీ కూడా అక్కర్లేదు. ఆయన వద్దన్నారు. ఇంట్లో మాట్లాడుకునే చెప్పారనుకున్నాను." ఆవిడ ఆగింది. "మీకు చెప్పలేదా?"

మొదటి రోజు నేను అత్తయ్యని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మా ఆయన ఒక్కరే వెళ్ళారు.

ఆ భాషలో మా ఆయనకి వచ్చిన మాటలు మూడు. ఎంత, ఎక్కువ, తగ్గించండి. లాయరమ్మ చెప్పినదాంట్లో ఈ మూడూ లేవు. అందుకని ఆయన మా ఇద్దరి సంభాషణా పక్కింటి రేడియోలా వింటూ, నా ముఖంలోకి ఆశగా చూస్తున్నారు.

"ఏమంటోంది? తగ్గిస్తుందా?"

నేను ఫోను పెట్టేసి, వంటింట్లోకి వెళ్ళి, కడిగేసిన గిన్నె మళ్ళీ కడిగాను.

* * *

ఆ కార్డు కోసం నేను రెండేళ్ళు సాయంత్రం క్లాసుకి వెళ్ళాను. లైబ్రరీ కింద గది. పిల్లల కోసం చేసిన కుర్చీలు. నా పక్కన ఒక బేకరీ ఆయన, ఒక నర్సు. డిగ్రీలో నాకు ఫస్టు క్లాసు వచ్చినప్పుడు కూడా నేనంత చదవలేదు. పరీక్ష పాసై, కార్డు చేతికొచ్చిన రోజు తెచ్చి భోజనం బల్ల మీద పెడితే, మా ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది. ఇక కూరగాయల కొట్టులో దబాయించొచ్చు," అన్నారు.

"మీరూ రాయొచ్చుగా," అన్నాను.

"నాకు తీరిక ఎక్కడిది? లిఫ్టులు ఆగిపోతే మనుషులు మధ్యలో ఇరుక్కుపోతారు," అన్నారు. ఆయన లిఫ్టుల కంపెనీలో ఇంజనీరు. ఎవరైనా ఎక్కడైనా ఇరుక్కుంటే ఆయనే వెళ్ళి తీయాలి. తనే ఇరుక్కుంటే ఎవరు తీయాలన్నది వాళ్ళ కంపెనీ పుస్తకాల్లో ఉన్నట్టు లేదు.

అత్తయ్య వంటింట్లోకి వచ్చి, గడప దగ్గర ఆగారు.

"ఏమందమ్మాయ్ ఆవిడ?"

చెప్పాను. గిన్నె కడుగుతూనే, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ విన్నారు. తర్వాత హాలు వైపు తిరిగి, పెద్ద గొంతుతో అన్నారు.

"ఒరేయ్! ఇటురా."

వచ్చారు. చేతిలో ప్యాకింగు టేపు. దాని కొస ఎక్కడుందో వెతుకుతున్నట్టు తిప్పుతున్నారు.

"మొదటి రోజే చెప్పిందటగా లాయరు? ఇల్లు నా పేరున కొంటే ఆ పన్ను ఉండదని?" అన్నాను.

"ఏదో అంది. హడావిడిలో సరిగా వినపడలేదు."

"ఇంగ్లీషులోనే అందట."

"అప్పుడది అంత పెద్ద పన్నని తెలీదు కదా! అయినా ఎవరి పేరైతే ఏంటి? ఇల్లు మనందరిదేగా?"

"నేనూ అదే అంటున్నా. ఎవరి పేరైతే ఏంటి?"

టేపు తిప్పడం ఆగింది.

"అది కాదు," అన్నారు.

"ఏది కాదు?"

"నువ్వు ప్రతిదానికీ అర్థాలు లాగకు."

"లాగట్లేదండీ. అడుగుతున్నా. చెప్పేదాకా ఇక్కడే నిలబడతాను. ఎలాగూ కుర్చీలన్నీ కట్టేశారు."

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికిన వాళ్ళని చూశాను," అన్నారు అత్తయ్య. "పిల్ల చంకలోనే ఉందిరా నాయనా అని ఊరివాళ్ళు చెబుతుంటే, నోరు మూసుకోండి అన్నవాడిని మాత్రం నిన్నే చూశా."

"అమ్మా, నువ్వు మధ్యలో రాకు."

"మధ్యలో కాదు, మొదట్లో వచ్చాను. నిన్ను కన్నది నేను."

"తర్వాత చెబుదామనుకున్నా," అన్నారు మా ఆయన గోడతో. గోడ ఏమీ అనలేదు. 

నాకు కోపం వచ్చింది డబ్బు గురించి కాదు. అని అంటే అబద్ధం. డబ్బు గురించి కూడా వచ్చింది. ఇల్లు కొనడానికి ఉన్నదంతా ఊడ్చిపెట్టాం. ఎప్పుడో కొన్న స్థలం అమ్మేశాం. బ్యాంకుని అప్పడిగితే వారాలు పడుతుంది, రేపటికి ఇవ్వరు. కానీ అసలు మంట ఇంకోచోట ఉంది. ఒకరోజు పొద్దున్న ఒక ఆఫీసులో, ఒక అపరిచితురాలు నా పేరు పైకి చెప్పింది, మేలు చేసే మాటగా చెప్పింది. ఈయన అక్కడే దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఇంటికి వచ్చి, ఆ రోజు చారులో ఉప్పు తక్కువైందన్నారు. ఉప్పు సంగతి గుర్తొచ్చింది. ఇది గుర్తు రాలేదు.

* * *

మా ఇంట్లో మౌనానికి కొన్ని పద్ధతులున్నాయి. మా ఆయన నాతో నేరుగా మాట్లాడరు. అత్తయ్య ద్వారా మాట్లాడతారు.

"అమ్మా, నా నీలం చొక్కా ఏ పెట్టెలో ఉందో కాస్త కనుక్కో."

అత్తయ్య నా వైపు చూశారు. నేను కొత్త పెట్టెకి టేపు వేస్తున్నాను.

"ఏ పెట్టెలో పెట్టారో ఆ పెట్టెలోనే ఉంటుంది," అన్నారు ఆవిడ. "ఎవరి పేరున పెట్టారో మరి."

రంగుల మనిషికి మన భాష తెలియకపోయినా విషయం తెలిసిపోయినట్టుంది. కొలత టేపు చప్పుడు కాకుండా చుట్టుకుని, వేళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం నేనే లాయరమ్మకి ఫోను చేశాను. ఇప్పుడు పేరు మార్చొచ్చా? మార్చొచ్చు. ఒప్పందం మా ఆయన పేరున ఉంది కాబట్టి, కొనేవాళ్ళ పేరు మారడానికి అమ్మేవాళ్ళు ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఒప్పుకోకపోతే ఉన్న పేరుతో, ఉన్న పన్నుతో కొనాలి, లేదా బయానా వదులుకోవాలి.

అరగంటలో ఆవిడే తిరిగి ఫోను చేసింది.

"పెద్దాయనతో మాట్లాడాను. కాగితం పంపాను, సంతకం పెట్టి తిప్పి పంపమన్నాను. వద్దన్నారు. మీ వారిని స్వయంగా రమ్మన్నారు, రేపు. మిమ్మల్ని కూడా, మాటలు చెప్పడానికి. ఒక హెచ్చరిక. ఆయన గొంతులో కోపం ఉంది."

నేను ఈ మాట అత్తయ్యకి చెప్పాను, మా ఆయనకి వినబడేట్టు. మా ఆయన అత్తయ్యతో అన్నారు, నాకు వినబడేట్టు. "ఆయనకి కోపం ఏంటి? బేరం నచ్చకపోతే అప్పుడే అనొచ్చుగా?"

"ఏం వంక పెట్టావురా ఆయన ఇంటికి?"

"మామూలే. మెట్లు ఎత్తు. కప్పు మరీ కిందికి. వంటింటి గోడకి తడి. నువ్వు నేర్పిందేగా? వస్తువుకి వంక పెట్టనిదే ధర దిగదని?"

"కొట్లో వస్తువుకి పెట్టమన్నాను. వండి వడ్డించినవాడి కంచానికి పెట్టమనలేదు." ఆవిడ తన పెట్టె మీద కూర్చున్నారు. "ఆ ఇల్లు ఎవరు కట్టారో కనుక్కున్నావా?"

మా ఆయన కనుక్కోలేదని నాకు తెలుసు. ఆ బేరమంతా నా నోటిమీదుగానే జరిగింది. తడి అన్న మాట పెద్దాయనకి చెప్పింది నేనే. మా ఆయన అరచెయ్యి గోడకి ఆనించి, తీసి, వేళ్ళు రుద్దుకుని, "చల్లగా తగుల్తోంది, లోపల తడి ఉంది, చెప్పు," అన్నారు. చెప్పాను. పెద్దాయన అప్పుడు కళ్ళద్దాలు తుడుచుకోలేదు. ఆ గోడని ఒకసారి చూసి, తలుపు దగ్గరికి వెళ్ళి మాకోసం తీసి పట్టుకున్నారు.

* * *

గురువారం మధ్యాహ్నం బస్సులో మేమిద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. మధ్యలో నా సంచి, అందులో నా కార్డు. ఆ కార్డు అంత బరువుగా ఎప్పుడూ లేదు.

"నేను మాట్లాడతా. నువ్వు చెప్పు, చాలు," అన్నారు.

"నేనిన్నాళ్ళూ చేసింది అదేగా."

ఆయన కిటికీ వైపు తిరిగారు.

పెద్దాయన ఇల్లు సందు చివర. కింద ఒకప్పటి కొట్టు, పైన రెండు గదులు, వంటిల్లు. మెట్లు ఎత్తేమీ కాదు. ఆయన మోకాళ్ళకి ఎత్తయ్యాయి కాబట్టి అమ్ముకుని చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. గోడల నిండా ఉండే గడియారాలు ఇప్పుడు లేవు. అవి వేలాడిన చోటల్లా వెలిసిపోని గుండ్రటి మచ్చలు మిగిలాయి. మేకులన్నీ పీకి, కన్నాలు పూడ్చి, ఆ పైన నున్నగా రుద్దారు. వెళ్ళిపోయేవాడు అంత శ్రద్ధగా రుద్దడం నేనెక్కడా చూడలేదు. మేం ఇప్పటికి తొమ్మిది అద్దె ఇళ్ళు మారాం. వెళ్ళేటప్పుడు గోడ కనబడకుండా ఇంటివాళ్ళ బీరువా అడ్డం పెట్టి తాళాలిచ్చేవాళ్ళం.

వంటింట్లో ఒక్క మేకు మాత్రం ఉంచేశారు. దాని సంగతి నాకు తెలుసు. అద్దె ఇళ్ళలో మేకు కొట్టనివ్వరు. మా నాన్న ఇచ్చిన గోడ గడియారం పెళ్ళైన దగ్గరనుంచీ ఫ్రిజ్జు మీద గోడకి ఆని నిలబడే ఉంది. బేరం మధ్యలో ఒకసారి, మా ఆయన బయట ఫోను మాట్లాడుతున్నప్పుడు, పెద్దాయనతో ఊరికే అన్నానీ మాట. "ఎంత బరువుంటుంది?" అని మాత్రం అడిగారు ఆయన.

ఈరోజు నాకు కుర్చీ చూపించారు. మా ఆయనకి చూపించలేదు.

"కాగితం చూశాను," అన్నారు. "మీ పేరున కొంటే మీకు పన్ను తగ్గుతుందట. మంచిదే. నాకొచ్చే నష్టమేమీ లేదు. సంతకం పెట్టకపోయినా నాకు నష్టం లేదు. బయానా నాకే మిగులుతుంది, ఇల్లు ఇంకొకరికి అమ్ముకుంటాను."

మా ఆయనకి చెప్పాను.

"ఎంత కావాలో అడుగు," అన్నారు మా ఆయన.

"ఏమండీ..."

"అడుగు! ఊరికే పిలవడుగా? పేరు మార్చడానికి ఎంతో అడుగుతాడు. నేను చూసుకుంటా."

నేను ఆ మాట తిప్పి చెప్పాల్సిన అవసరం లేకపోయింది. 'ఎంత' అని మా ఆయనే పెద్దాయన భాషలో అనేశారు. వచ్చిన మూడు మాటల్లో అది ఒకటి.

పెద్దాయన ముఖం ఎర్రబడింది.

"నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేశాను," అన్నారు నాతో. "ఎంతోమంది చెడిపోయినవి తెచ్చారు. ఎవరి గడియారాన్నీ చెడ్డదనలేదు. ఆగిందన్నాను, అంతే. ఆ వంటింటి గోడ నేనూ నా భార్యా కలిసి కట్టాం. ఆవిడ సున్నం కలిపేది, నేను పూసేవాణ్ణి. ఆవిడ పోయింది. మీ ఆయన వచ్చి దానికి తడి ఉందన్నాడు. ఆ వారమంతా రోజూ సాయంత్రం నేను వెళ్ళి ఆ గోడకి చెంప ఆనించి చూశాను. ఈ వయసులో. నేను కట్టిన గోడని నేనే అనుమానించాను." ఆయన వంటింటి వైపు వేలు చూపించారు. "నాకు డబ్బు వద్దు. వెళ్ళి, ఆ గోడ మీద చెయ్యి పెట్టి, ఉన్నది చెప్పమనండి."

ఇదంతా చెప్పాను. ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట కలపలేదు. 

"అది బేరంలో మామూలు మాటని చెప్పు," అన్నారు మా ఆయన. అన్నారే గాని, గొంతులో బేరం లేదు.

"చెప్పను."

"ఏంటి?"

"అది నేను చెప్పనండీ. తడి ఉందన్న మాట కూడా మీ తరఫున నేనే మోశాను. ఇది మోయలేను."

 మా ఆయన వంటింట్లోకి నడిచారు. పెద్దాయన కర్ర పట్టుకుని వెనకాలే వెళ్ళారు. నేనూ వెళ్ళాను.

మా ఆయన గోడకి అరచెయ్యి ఆనించారు, ఆ రోజు ఆనించిన చోటే. బొటనవేలు మేకుకి తగిలింది.

"ఇదేంటి? అన్నీ పీకేసి ఇదొక్కటే వదిలేశాడేం?"

"మన గడియారానికే," అన్నాను. "నాన్న ఇచ్చినది."

"నీకెలా తెలుసు?"

"బరువెంతని అడిగారు."

మా ఆయన మేకుని వేలితో కదిపి చూశారు. అది కదల్లేదు. ఇంజనీరు కదా, ఇంకోసారి గట్టిగా కదిపి చూశారు. అప్పుడూ కదల్లేదు. చెయ్యి మాత్రం గోడ మీదినుంచి తీయలేదు.

"పొడిగా ఉంది," అన్నారు. "ఆ రోజూ పొడిగానే ఉంది. చల్లగా ఉంటే తడి అన్నాను."

తిప్పి చెప్పాను. పెద్దాయన తల ఊపి, చొక్కా జేబులోంచి పెన్ను తీశారు. కాగితం పొయ్యి గట్టు మీద పరిచారు. నాకు హమ్మయ్య అనిపించింది. పని అయిపోయింది. మా ఆయన ఇక చెయ్యి దులుపుకుని, ఒక రూపాయి ఖర్చు లేకుండా సంతకం పెట్టించానని బస్సులో చెప్పుకోవచ్చు.

ఆయన చెయ్యి దులుపుకోలేదు.

"ఇంకోటుంది," అన్నారు. గోడ వైపే చూస్తూ అన్నారు. "లాయరు నీ పేరు చెప్పింది. శుభ్రంగా వినపడింది. నీ పేరున కొంటే, నీకు కార్డు ఎలా వచ్చింది, నాకెందుకు రాలేదని నలుగురూ అడుగుతారనుకున్నా. నువ్వే అడుగుతావనుకున్నా."

ఆయన చెయ్యి ఇంకా గోడ మీదే ఉంది.

"తీరిక లేక కాదు పరీక్ష రాయంది. భయమేసింది. నువ్వు పాసై నేను తప్పితే ఎలాగా అని."

"ఏమంటున్నాడు?" అన్నారు పెద్దాయన, పెన్ను మూత తీయకుండా. "ఇంకా గోడ సంగతేనా?"

ఈ దుబాసీ పనిలోకి దిగాక మొదటిసారి నాకు మాట అందలేదు. ఆ భాషలోనూ అందలేదు, మన భాషలోనూ అందలేదు.

మా ఆయన అప్పుడు నా వైపు తిరిగారు.

"వీళ్ళ భాషలో తప్పుని ఏమంటారు?"

"ఎందుకు?"

"చెప్పు. నాది అనడానికి ఏమంటారో అది కూడా చెప్పు."

చెప్పాను. ఇన్నేళ్ళలో ఆయన నన్నడిగి నేర్చుకున్నవి ఆ రెండు మాటలే. పెదాలు కదిలిస్తూ ఒకసారి లోపల అనుకున్నారు. లైబ్రరీ కింద గదిలో, పిల్లల కుర్చీలో, బేకరీ ఆయన కూడా అచ్చం ఇలాగే అనుకునేవాడు.

తర్వాత మా ఆయన పైకే అన్నారు. పెద్దాయనకి వినబడేట్టు, కానీ నన్ను చూస్తూ.

"తప్పు నాది."